లెసన్ ప్లాన్‌కి మార్కులు వేశారు సరే, పిల్లల నోట్‌బుక్ ఎవరు చూశారు?

బీఈడీ వాళ్ళ ఇంటర్న్‌షిప్ మార్కుల్ని నేను నమ్మను. ఈ మాట గట్టిగానే అంటున్నాను, ఎందుకంటే ఆ మార్కుల కాగితం మీద సంతకం పెట్టేవాళ్ళలో నేనూ ఉన్నాను. చెన్నైలో కొరుక్కుపేట వైపు ఒక ఎయిడెడ్ స్కూల్లో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకి లెక్కలు చెబుతాను. ఏటా మాకు బీఈడీ కాలేజీల నుంచి ఛాత్రోపాధ్యాయులు వస్తారు. నా క్లాసుల్లో కొన్ని వాళ్ళకి అప్పగిస్తారు, వారాల తరబడి వాళ్ళే నా పిల్లలకి పాఠం చెబుతారు, నేను వెనక బెంచీలో కూర్చుని చూస్తాను. చివర్లో కాలేజీ నుంచి ఒక ఫారం వస్తుంది. విషయ పరిజ్ఞానం, నల్లబల్ల పని, గొంతు, క్లాస్ కంట్రోల్, బోధనోపకరణాలు, సమయపాలన, వేషధారణ అని వరసగా గళ్ళు ఉంటాయి. ఒక్కో గడిలో ఐదుకి ఇన్ని అని వేసి, కింద సంతకం పెట్టి, హెచ్చెమ్ ముద్ర కొట్టించి పంపాలి.

ఆ ఫారంలో లేని గడి ఒక్కటే. ఈ మనిషి పాఠం చెప్పాక పిల్లలకి ఏం అర్థమైంది, ఏం కాలేదు, ఆ సంగతి ఈ మనిషికి తెలిసిందా, తెలిశాక మర్నాడు ఏం చేశారు? నా దృష్టిలో టీచర్ కాబోయేవాళ్ళు నేర్చుకున్నారో లేదో తేల్చే ప్రశ్న ఇదే, మిగతావన్నీ దీని తర్వాతే. గొంతు బాగుండాలి, బోర్డు మీద రాత కుదురుగా ఉండాలి, కాదనను. కానీ పిల్లవాడి తప్పుని చదవడం రాని టీచర్ ఎంత బాగా మాట్లాడినా ఆ మాట ఎక్కడికి చేరుతోందో తనకే తెలియదు.

ఒక్క పాఠం దగ్గరగా చూద్దాం. ఏడో తరగతి, దశాంశాలు. రెండు సంఖ్యలు ఇచ్చి ఏది పెద్దదో చెప్పమనడం. ఒకసారి ఒక ఛాత్రోపాధ్యాయుడు పది లెక్కలతో స్లిప్ టెస్ట్ పెట్టాడు. 0.4, 0.35లో ఏది పెద్దది? 2.7, 2.65లో ఏది పెద్దది? 0.8, 0.125లో ఏది పెద్దది? ఇలా సాగింది. ఒక పిల్లకి పదికి సున్నా వచ్చింది. తను 35 పెద్దదా 4 పెద్దదా అని చూసుకుంటోంది, చుక్క ఉన్న సంగతే పట్టించుకోవడం లేదు. టీచర్లందరికీ తెలిసిన తప్పే ఇది, దీని గురించి పుస్తకాల్లో కూడా ఉంటుంది. ఆ పిల్లని వెనకబడిన వాళ్ళ జాబితాలో వేసి, సాయంత్రం విడిగా చెప్పారు. ఇంకో పిల్లాడికి పదికి పది వచ్చాయి, వెరీ గుడ్ రాశారు, అక్కడితో అయిపోయింది.

రెండు రోజుల తర్వాత వేరే పని మీద నేను ఆ క్లాసుకి వెళ్ళి బోర్డు మీద 0.3, 0.46 రాశాను. పదికి పది వచ్చిన పిల్లాడు చటుక్కున చెయ్యెత్తి 0.3 పెద్దది అన్నాడు. ఎందుకురా అంటే, “పదో వంతు ముక్క పెద్దది కదా టీచర్, వందో వంతు ముక్క చిన్నది, అందుకే” అన్నాడు. చూడండి, ఎంత ఆలోచించి చెప్పాడో! పదో వంతు వందో వంతు కన్నా పెద్దదే, ఆ మాట నిజం. కానీ అలాంటి ముక్కలు ఎన్ని ఉన్నాయో చూడాలని వాడికి తట్టలేదు. చుక్క తర్వాత ఎన్ని తక్కువ అంకెలుంటే అంత పెద్ద సంఖ్య అని ఒక సూత్రం తయారుచేసుకున్నాడు. స్లిప్ టెస్ట్‌లో ఇచ్చిన పది జతల్లోనూ, ఎవరూ అనుకుని చేసింది కాదు గానీ, అంకెలు తక్కువున్న సంఖ్యే పెద్దది. అందుకే వాడి తప్పు సూత్రం పదిసార్లూ సరైన జవాబే ఇచ్చింది. ఆ పిల్లకి కనీసం సాయంత్రం క్లాసైనా దొరికింది, వీడికి అదీ లేదు.

ఆ టెస్ట్ పెట్టిన అబ్బాయి బాగా చదువుకున్నవాడే, ఎమ్మెస్సీ మ్యాథ్స్. లోప నిర్ధారణ పరీక్ష అంటే ఏమిటి, దాని సోపానాలు రాయండి అని అడిగితే రెండు పేజీలు రాస్తాడు, రాసి మార్కులు తెచ్చుకున్నాడు కూడా. 0.4, 0.35 పక్కన 0.3, 0.46 కూడా పెడితే తప్ప ఇద్దరు పిల్లల ఆలోచనా బయటపడదనే సంగతి మాత్రం అతనికి ఎవరూ చూపించలేదు, ఎక్కడా అడగలేదు. లెక్కలు తెలియడం వేరు, పాఠం చెప్పే పద్ధతులు తెలియడం వేరు, ఈ లెక్కలో పిల్లలు ఎక్కడెక్కడ ఎలా తడబడతారో తెలియడం వేరు. ఈ మూడోదాన్నే అమెరికన్ విద్యావేత్త లీ షుల్మన్ 1986లో పెడగాజికల్ కంటెంట్ నాలెడ్జ్ అని పేరు పెట్టి చెప్పారు. మన బీఈడీ పుస్తకాల్లో ఆ పేరు వస్తుంది, పరీక్షల్లో దాని నిర్వచనమూ వస్తుంది. అది ఈ మనిషికి ఉందా లేదా అని మాత్రం ఎవరూ పరీక్షించరు.

అదే బ్యాచ్‌లో ఇంకో అమ్మాయి ఉంది, గుమ్మిడిపూండి దగ్గర నుంచి రోజూ సబర్బన్ ట్రైన్‌లో వచ్చేది. పిల్లల నోట్‌బుక్కులు దిద్దేటప్పుడు తప్పు పక్కన ఇంటూ కొట్టి వదిలేసేది కాదు, ఒక చిన్న డైరీలో ఆ తప్పుని ఉన్నదున్నట్టు ఎత్తి రాసుకునేది, పక్కన “ఎందుకు?” అని రాసేది. బోర్డు మీద నేను రాసిన జత గురించి విని, మర్నాడు పది నిలువు, పది అడ్డం గళ్ళ కాగితం అందరికీ పంచి 0.3కీ 0.46కీ రంగు వేయించింది. మూడు వరసలు ఒక రంగు, నాలుగు వరసలూ ఆరు గళ్ళూ ఇంకో రంగు. పదికి పది వచ్చిన ఆ పిల్లాడు తన కాగితం తనే చూసుకుని “అయ్యో టీచర్” అన్నాడు. ఆ అమ్మాయి వెంటనే సరే అని వదల్లేదు, ఇప్పుడు 0.6, 0.69 చెప్పు అంది, ఆ తర్వాత 0.1, 0.199 చెప్పు అంది. పాత సూత్రం ఇంకా లోపల మిగిలి ఉందేమో చూస్తోందన్నమాట. నా సర్వీసులో నేను చూసిన మంచి పాఠాల్లో అదొకటి.

కాలేజీ వేసిన తుది మార్కుల్లో ఆ అమ్మాయికి మిగతావాళ్ళ కన్నా తక్కువ వచ్చాయి. రికార్డులో చార్టులు తక్కువ, లెసన్ ప్లాన్‌లో స్పష్టీకరణలు, అంటే పాఠం అయ్యాక పిల్లలు ఏం చేయగలగాలో చెప్పే వాక్యాలు, సరైన క్రియాపదాలతో రాయలేదు అన్నారు. థర్మోకోల్‌తో స్థాన విలువల పెట్టె చేసి, దానికి రంగు కాగితాలు అంటించి, లైట్లు పెట్టిన ఇంకొకరికి ఎక్కువ వచ్చాయి. ఆ పెట్టె ప్రాక్టికల్ పరీక్ష రోజు తప్ప క్లాసులోకి రాలేదు. నేను ఫోన్ చేసి అడిగాను. మెంటర్ టీచర్ అభిప్రాయానికి విడిగా వెయిటేజీ లేదు మేడమ్, మీ ఫారం ఫైల్లో పెట్టాం అన్నారు.

ఇక ఆ ప్రాక్టికల్ పరీక్ష సంగతి. బయటి నుంచి ఎగ్జామినర్లు వస్తారు, ఒక్కొక్కరి పాఠం కాసేపు చూస్తారు, చాలాసార్లు పీరియడ్ మొత్తం కూడా ఉండరు, ఇంకో గదిలో ఇంకొకరిది చూడాలి కదా. అందుకని ఆ రోజు చెప్పే పాఠాన్ని ముందు వారమే అదే పిల్లలకి చెప్పేసి ఉంచుతారు. ప్రశ్న సగంలో ఉండగానే పిల్లలు జవాబు చెప్పేస్తారు, చెయ్యెత్తేవాళ్ళు ఎవరో కూడా ముందే తెలుసు. ఎగ్జామినర్‌కీ తెలుసు, కాలేజీకీ తెలుసు, మాకూ తెలుసు. పిల్లలకి మరీ బాగా తెలుసు. నాకు బాధ కలిగించేది ఆ చివరిదే. టీచర్ కాబోయే మనిషి, తన వృత్తిలో పెట్టే మొదటి పెద్ద పరీక్షలో, పిల్లల్ని కూడగట్టుకుని తెలియనిది తెలిసినట్టు చూపించడం నేర్చుకుంటున్నారు. తెలియని పిల్లాడు ఆ రోజు నోరు మూసుకుని కూర్చోవాలి. పాఠం చెప్పడమంటే తెలియని పిల్లాడి దగ్గరికి వెళ్ళడం అయినప్పుడు, మనం పరీక్షిస్తున్నది సరిగ్గా దానికి వ్యతిరేకమైన విద్యని.

దీనికి ముందు మెట్టు మైక్రో టీచింగ్. 1963లో స్టాన్‌ఫర్డ్‌లో మొదలైన పద్ధతి ఇది. మన దగ్గర వాడే నమూనాలో ఆరు నిమిషాల పాఠం, ఆరు నిమిషాల సూచనలు, పన్నెండు నిమిషాల్లో మళ్ళీ తయారీ, ఆరు నిమిషాల పునర్బోధన, మళ్ళీ ఆరు నిమిషాల సూచనలు, మొత్తం 36 నిమిషాల చక్రం. ఒక్కో నైపుణ్యాన్ని విడదీసి సాధన చేయించడం వరకు మంచిదే, బెరుకు పోతుంది. కానీ ఎదురుగా కూర్చునేది తోటి బీఈడీ విద్యార్థులు, పిల్లల్లా నటిస్తారు. వాళ్ళకి జవాబు ముందే తెలుసు, నిజమైన తప్పు ఒక్కటి కూడా వాళ్ళ నోటి నుంచి రాదు. జవాబుని ఇంకా లోతుగా తవ్వే అన్వేషక ప్రశ్నలు ఎన్ని వేశారు, ఉద్దీపన వైవిధ్యం, అంటే గొంతు, హావభావాలు మార్చడం, ఎన్నిసార్లు చూపించారు అని గణన చిహ్నాలు గీస్తారు. ఒడ్డున నిలబడి చేతులు ఆడించినందుకు ఈతకి మార్కులు వేసినట్టు ఉంటుంది అది. సాధనగా ఉంచండి, తప్పులేదు. మూల్యాంకనంగా దాని మీద ఆధారపడకండి.

ఈమధ్య కాలేజీల్లో దీనంతటి మీదా ఇంకో పొర వచ్చింది, అభ్యసన ఫలితాల లెక్క. కాలేజీల నాణ్యతని మదింపు చేసే సంస్థ, బెంగళూరులో ప్రధాన కార్యాలయం ఉన్న న్యాక్, ఉపాధ్యాయ విద్యా సంస్థల కోసం తయారుచేసిన మాన్యువల్‌లో విద్యార్థులు ఫలితాలు ఎంతవరకు సాధించారో చూపించమని అడుగుతుంది. అడగడం న్యాయమే, అది అడగవలసిన ప్రశ్నే. నా అభ్యంతరం కాలేజీలు జవాబు తయారుచేసే తీరు మీద. ప్రతి పేపర్‌కీ అది చదివాక ఏం రావాలో చెప్పే కోర్సు ఫలితాలు ఐదో ఆరో రాస్తారు, వాటిని మొత్తం బీఈడీ అయ్యాక రావలసిన ప్రోగ్రామ్ ఫలితాలతో ఎంత సంబంధం ఉందో 3, 2, 1 అని జత చేస్తారు, పరీక్షలో మూడో ప్రశ్న ఫలానా ఫలితానికి చెందుతుంది అంటారు, ఆ ప్రశ్నకి ఇంతమందికి ఇన్ని మార్కులు వచ్చాయి కాబట్టి ఇంత స్థాయి సాధించాం అంటారు, దానికి కొంత చివరి సర్వే కలుపుతారు, ఎక్సెల్ షీట్‌లో 2.4 అనో 2.6 అనో వస్తుంది. నాకు తెలిసిన ఒక లెక్చరర్ ఈ షీట్లు నింపడానికి సెలవుల్లో కూడా కాలేజీకి వెళ్తుంది, పాపం. ఇంతా చేసి ఆ 2.4 ఏమిటి? పాత థియరీ పేపర్ మార్కులే వేరే బట్టలు కట్టుకుని వచ్చాయి. ప్రశ్నపత్రం ఇంతకుముందు చూడనిదేదీ ఆ షీట్ కొత్తగా చూడలేదు. “విద్యార్థి పిల్లల అభ్యసన లోపాలను గుర్తించగలడు” అని ఫలితం రాసి, దాన్ని “అభ్యసన లోపాల రకాలు వివరించండి” అనే పది మార్కుల ప్రశ్నతో కొలిస్తే, మొదటి వాక్యం అబద్ధమవుతుంది.

టీచర్ అర్హత పరీక్ష, టెట్ ఉంది కదా అంటారు. ఉండాలి, నేను టెట్‌కి వ్యతిరేకం కాదు. భిన్నాల దగ్గరే ఆగిపోయేవాళ్ళు లెక్కల టీచర్ కాకుండా ఆపడానికి ఒక గడప అవసరం. కానీ దాని హద్దు దానికుంది. కేంద్రం తరఫున పెట్టే సీటెట్‌నే చూడండి, 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు, అన్నీ నాలుగు ఆప్షన్లలో ఒకటి ఎంచుకునేవే, 60 శాతం వస్తే అర్హత. బోధనా పద్ధతుల మీద ప్రశ్నలు ఉంటాయి, కానీ కోచింగ్ సెంటర్లలో వాటికి చెప్పే చిట్కా ఏమిటో రాసినవాళ్ళందరికీ తెలుసు. శిక్ష, బట్టీ, చూసిరాత ఉన్న ఆప్షన్లు కొట్టేయ్, చర్చ, కృత్యం, అనుభవం అనే మాటలున్నది పెట్టేయ్. అలా పెట్టి పాసైనవాళ్ళు చెడ్డ టీచర్లు అవుతారని నేను అనడం లేదు, ఆ జవాబుని బట్టి వాళ్ళ గురించి మనకి తెలిసింది ఏమీ లేదంటున్నాను.

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత మా స్టాఫ్‌రూమ్‌లో కూడా టెట్ గైడ్లు కనిపిస్తున్నాయి. సర్వీసులో ఉన్నా, రిటైర్మెంట్‌కి ఐదేళ్ళకు మించి ఉంటే రెండేళ్ళలోగా టెట్ పాసవ్వాలి. ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నవాళ్ళు ఇంటర్వెల్‌లో బోధనా లక్ష్యాల మెట్లు చెప్పే బ్లూమ్స్ వర్గీకరణ బట్టీపడుతూ టెన్షన్ పడుతున్నారు. వాళ్ళు ఇన్నేళ్ళుగా దిద్దిన నోట్‌బుక్కుల్లో వాళ్ళ పనితనం మొత్తం ఉంది. దాన్ని చూసే ఏర్పాటు మన దగ్గర లేనందువల్లే అందరికీ ఒకే ఓఎమ్మార్ షీట్ ఇవ్వాల్సి వస్తోంది.

మన సంస్కరణలు చాలావరకు ఏళ్ళ లెక్క చుట్టూ తిరిగాయి. ఉపాధ్యాయ విద్య మీద సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ వర్మ కమిషన్ 2012లో నివేదిక ఇచ్చింది. తర్వాత బీఈడీ లాంటి కోర్సులని నియంత్రించే ఎన్‌సీటీఈ 2014 నిబంధనలతో, 2015 నుంచి బీఈడీ రెండేళ్ళయింది, 20 వారాల స్కూల్ ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయింది. 2020 జాతీయ విద్యా విధానం నాలుగేళ్ళ సమీకృత కోర్సు అంది. 2025 ఫిబ్రవరిలో మళ్ళీ ఏడాది బీఈడీతో ముసాయిదా వచ్చింది. ఒకటి, రెండు, నాలుగు, మళ్ళీ ఒకటి. 20 వారాలు రావడం నిజంగా మంచి మార్పు, అంతకుముందు కొన్ని పాఠాలు చెప్పి వెళ్ళిపోయేవాళ్ళు, పిల్లల పేర్లు కూడా తెలిసేవి కావు. కానీ 20 వారాలు స్కూల్లో ఉన్న మనిషిని చివరికి ఒక పూట చూసి అంచనా వేస్తే, ఆ వారాలు పెంచిన ప్రయోజనం ఎవరికి చేరినట్టు?

మరి అంత సూటిగా కావాలంటే పిల్లల మార్కులే చూడొచ్చు కదా, ఛాత్రోపాధ్యాయుడు చెప్పిన క్లాసులో పిల్లల మార్కులు ఎంత పెరిగితే అన్ని మార్కులు వేయొచ్చు కదా అని ఒక మిత్రుడు వాదించాడు. వద్దు. ఈ దారిలో వెళ్తే ఏమవుతుందో మన మద్రాసుకి తెలుసు. ఇంగ్లండులో 1862లో మొదలైన ఫలితాన్ని బట్టి గ్రాంటు పద్ధతిని ఇక్కడ మద్రాసు ప్రెసిడెన్సీలో కూడా పెట్టారు. ఇన్‌స్పెక్టర్ వచ్చి పిల్లల్ని ఒక్కొక్కరినీ చదవడం, రాయడం, లెక్కల్లో పరీక్షిస్తాడు, పాసైన పిల్లల లెక్కన బడికి డబ్బు. డబ్బు పాసైన పిల్లల మీద వస్తుంటే బడి ఇన్‌స్పెక్టర్ అడిగేదానికే పిల్లల్ని తయారుచేస్తుంది కదా, బట్టీ పట్టించడం పెరిగింది, విమర్శలూ పెరిగాయి, చివరికి ఆ పద్ధతి పోయింది. సైదాపేటలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల 1856 నాటిది. మన రాధాకృష్ణన్ గారు కూడా ట్రైనింగ్ చేసిన చోటు అది. అంత పాత చరిత్ర ఉన్న ఊళ్ళో ఆ పాఠం మర్చిపోకూడదు.

ఈ కాలపు గణితం కూడా అదే చెబుతుంది. పిల్లల పరీక్ష మార్కుల్ని బట్టి టీచర్లకి విలువ కట్టే నమూనాల గురించి అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2014లో ఒక ప్రకటన చేసింది. పిల్లల మార్కుల్లో కనిపించే తేడాల్లో టీచర్ల వాటా 1 నుంచి 14 శాతం వరకే ఉంటుందని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి అంది. ఏళ్ళ తరబడి పనిచేసే టీచర్ సంగతే అలా ఉంటే, ఇంకొకరి క్లాసులో కొన్ని వారాలు చెప్పి వెళ్ళేవాళ్ళని ఆ మార్కులతో కొలవడం అన్యాయం. పిల్లల సరాసరి మార్కు కాదు చూడాల్సింది, పిల్లల పని మీద ఛాత్రోపాధ్యాయుడు ఏం ఆలోచించాడో అది. రెండూ ఒకటి కావు.

నేను అడిగేది చాలా చిన్న ఏర్పాటు. ఇంటర్న్‌షిప్‌లో ప్రతి ఒక్కరూ తమ క్లాసులో ముగ్గురు పిల్లల్ని ఎంచుకోవాలి, ఒకరు బాగా చేసేవారు, ఒకరు మధ్యలో ఉండేవారు, ఒకరు వెనకబడినవారు. ఒక పాఠం మొదలుకాక ముందు, మధ్యలో, అయ్యాక ఆ ముగ్గురి నోట్‌బుక్ పేజీల జిరాక్స్ తీయాలి, పిల్లల పేరు కనపడకుండా. ప్రతి పేజీ పక్కన మామూలు మాటల్లో రాయాలి: ఈ పిల్ల ఇక్కడ ఏమనుకుని ఇలా చేసింది, నాకు ఎలా తెలిసింది, మర్నాడు నేను ఏం మార్చాను, మార్చాక ఏమైంది. మార్పు పనిచేయకపోతే పనిచేయలేదని రాయాలి, దానికి మార్కులు తగ్గించకూడదు. వైవాలో ఆ పేజీలు ఎదురుగా పెట్టుకుని మాట్లాడాలి. అక్కడే ఇంకో పిల్ల నోట్‌బుక్ పేజీ, అభ్యర్థి ఎప్పుడూ చూడనిది, చేతికిచ్చి చదవమనాలి. 402లోంచి 167 తీసేస్తే 335 అని రాసింది, ఎందుకు? సున్నాలోంచి అప్పు తెచ్చుకుంటూ దాన్ని 9 చేసింది గానీ వందల స్థానంలో ఒకటి తగ్గించడం మర్చిపోయింది, అందుకే 235 రావలసింది 335 అయింది. ఇది చూసి చెప్పగలరా? చెప్పి, ఇదే అనుమానాన్ని నిర్ధారించుకోవడానికి ఇంకో లెక్క ఏమిస్తారో చెప్పగలరా? పది నిమిషాల పని. థర్మోకోల్ పెట్టెలన్నీ కలిపి చెప్పలేనిది ఆ పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఇందులో మెంటర్ టీచర్ మాటకి నిజమైన వెయిటేజీ ఉండాలి. రోజూ చూసేది మేము. మెంటర్లు ఉదారంగా మార్కులు వేసేస్తారు అంటారు, నిజమే, కాలేజీ వాళ్ళతో మొహమాటం, పోనీలే ఉద్యోగం రావాలి కదా అన్న జాలి, అన్నీ ఉంటాయి. దానికి మందు మా మాట తీసేయడం కాదు. ఒక పూట చుట్టుపక్కల నాలుగైదు స్కూళ్ళ మెంటర్లనీ, కాలేజీ లెక్చరర్లనీ ఒకే గదిలో కూర్చోబెట్టి, అవే ఐదారు ఫైళ్ళు అందరి చేతా విడివిడిగా దిద్దించండి, తర్వాత ఎవరు ఎంత వేశారో పక్కపక్కన పెట్టి ఎందుకు వేశారో మాట్లాడించండి. పబ్లిక్ పరీక్షల పేపర్లు దిద్దేటప్పుడు ఈ పని చేస్తూనే ఉన్నాం కదా. ఇంటర్న్‌షిప్‌కి చేయకపోవడానికి కారణం నాకు కనపడదు.

ఇదీ కాపీ కొడతారు, నోట్‌బుక్ పేజీలు కూడా తయారుచేసుకుంటారు అన్నారు ఒకరు. కొంతమంది చేస్తారు. అయితే లెసన్ ప్లాన్ రికార్డు సీనియర్ దగ్గర తెచ్చి రాసేయొచ్చు, నా క్లాసు పిల్ల తప్పుని నా కంటి ముందు సీనియర్ దగ్గర తెచ్చుకోవడం కుదరదు. ఆ పిల్ల నాకు తెలుసు. అందుకే మెంటర్ సంతకానికి ఇక్కడ ఒక అర్థం ఉంటుంది.

పెద్ద హెచ్చరిక ఒకటి అమెరికా నుంచే ఉంది. అక్కడ ఎడ్‌టీపీఏ అని సరిగ్గా ఇలాంటి ఫైలే, పాఠం వీడియోతో, పిల్లల పనితో కలిపి అడిగేవారు. ఆలోచన మంచిది. కానీ అభ్యర్థి దగ్గర 300 డాలర్లు ఫీజు తీసుకుని, ఆ బడిని ఎప్పుడూ చూడని బయటివాళ్ళ చేత దిద్దించి, దాన్ని లైసెన్సుకి ముడిపెట్టారు. అభ్యర్థులు పిల్లల వైపు చూడడం మానేసి దిద్దేవాళ్ళకి నచ్చే మాటలు వెతుక్కుంటున్నారని విమర్శ వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రం 2022లో ఆ నిబంధన తీసేసింది. అందుకే అంటున్నాను, దీన్ని ఏ ఏజెన్సీకో అప్పగించి, పోర్టల్ పెట్టి, అప్‌లోడ్ బటన్ నొక్కించే పనిగా మార్చకండి. పిల్లలు తెలిసిన మనుషుల మధ్యే ఉంచండి.

భాష సంగతి చెప్పకుండా ఇది ముగించలేను. మా పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, పుస్తకంలో ఇంగ్లీషు. బీఈడీలో బహుభాషా తరగతి గది అని చదువుకుని వస్తారు, ఇంటి భాషని వనరుగా వాడాలి అని రాసి మార్కులు తెచ్చుకుంటారు. ఒకసారి ఒక ఛాత్రోపాధ్యాయురాలు, తెలుగు అమ్మాయే, భిన్నాల పాఠంలో బిత్తరపోయి చూస్తున్న ఒక పిల్ల పక్కన వంగి కూర్చుని “నీకు సగం ఇచ్చి, అందులో మళ్ళీ సగం మీ తమ్ముడికి ఇమ్మంటే వాడికెంత వస్తుందే?” అని అడిగింది. ఆ పిల్ల “పావు” అంది ఠక్కున. అప్పటిదాకా ఇంగ్లీషులో వన్ బై టూ ఆఫ్ వన్ బై టూ అంటే కదలని పిల్ల. ఆ రోజు పాఠం చూడడానికి వచ్చిన పరిశీలకుల షీట్‌లో తరగతి భాష అనే గడిలో ఆ అమ్మాయికి మార్కు తగ్గింది, మాధ్యమం కాని భాష వాడింది కాబట్టి. థియరీ పేపర్‌లో మార్కు తెచ్చిపెట్టే పనికే క్లాసులో మార్కు పోయింది! పిల్ల నోట్‌బుక్‌ని సాక్ష్యంగా పెట్టుకుని ఉంటే, ఆ తెలుగు వాక్యానికి ముందు ఖాళీగా ఉన్న పేజీ, తర్వాత నిండిన పేజీ రెండూ కనపడేవి.

ఇంకో పని కూడా కాలేజీలు మొదలుపెట్టాలి, దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పాసై బయటికి వెళ్ళిన విద్యార్థి స్కూల్లో చేరి ఏడాది అయ్యాక, కాలేజీ నుంచి ఒకరు వెళ్ళి ఒక పూట ఆ క్లాసులో కూర్చోవాలి. ఉద్యోగం వచ్చిందా, జీతం ఎంత, ఫొటో పంపు అని ప్లేస్‌మెంట్ రిజిస్టర్ కోసం చేసే ఫోన్ కాదు నేను చెప్పేది. మేం నేర్పినవాటిలో ఇక్కడ ఏది పనికొచ్చింది, ఏది రాలేదు, పిల్లలు చేసే ఏ తప్పు నీకు మొదటిసారి ఇక్కడే ఎదురైంది అని అడగాలి. ఆ జవాబులు మెథడాలజీ చెప్పే లెక్చరర్ చేతికి వెళ్ళాలి, తర్వాతి బ్యాచ్ సిలబస్ తెరిచే ముందే. ఆ గళ్ళ కాగితం పంచిన అమ్మాయి ఇప్పుడు తిరుత్తణి వైపు ఒక స్కూల్లో పనిచేస్తోంది. తన దగ్గర ఆ డైరీలు ఇంకా ఉన్నాయి, ప్రతి ఏడాదికి ఒకటి, పిల్లల తప్పులతో నిండినవి. తను చదివిన కాలేజీ నుంచి ఎవరైనా వచ్చి అడిగితే ఇస్తానంది.